కల్లా, కళ్లా? రెండో భాష వినికిడిపై ప్రయోగానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉంటున్న హిందీవాళ్లు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు. కూరగాయల బండి దగ్గర బేరమాడతారు, అపార్ట్‌మెంట్ మీటింగులో వాదిస్తారు, పక్కింటి పెద్దావిడతో గంటసేపు కబుర్లు చెబుతారు. అయినా వాళ్లలో ఎక్కువమంది నోట ‘పెళ్లి’ కాస్తా ‘పెల్లి’ అవుతుంది, ‘కళ్లు’ కాస్తా ‘కల్లు’ అవుతుంది. ప్రామాణిక హిందీలో ళ లేదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. ఆ తేడా వాళ్ల చెవికే అందడం లేదా? చెవికి అందినా మనసులో ఆ రెండు మాటలూ ఒకే గూట్లో ఉన్నాయా? చెవీ మనసూ బాగానే ఉండి, నాలుక ఒక్కటే తిరగడం లేదా?

ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. దేని పద్ధతి దానిదే. రెండో భాషలో విన్న మాటను మనిషి ఎలా గుర్తుపడతాడన్న విషయం మీద ప్రయోగం చేద్దామని వచ్చే విద్యార్థులు నన్ను మొదట అడిగేది “ఐ ట్రాకర్ వాడదామా, ఈఈజీ చేద్దామా?” అని. (మొదటిది కంటి చూపును పట్టే కెమెరా, రెండోది మెదడు అలల్ని నమోదు చేసే పద్ధతి.) నేను కాగితం ఇచ్చి, పై మూడింటిలో మీ ప్రశ్న ఏదో ఒక్క వాక్యంలో రాసుకురమ్మంటాను. ఆ వాక్యం తేలకుండా యంత్రం దగ్గరికి వెళితే ఆరు నెలల తర్వాత హార్డ్ డిస్క్ నిండా డేటా ఉంటుంది. అది దేనికి జవాబో మాత్రం చెప్పలేరు.

నాలుక ప్రశ్న పలకడానికి సంబంధించింది కాబట్టి దాన్ని పక్కన పెట్టి, వినికిడి పద్ధతుల్నే ఇక్కడ ల–ళ ఉదాహరణతో పోలుస్తాను. మీ విషయం వేరైనా, అంటే తెలుగువాళ్లు ఇంగ్లీషులో ‘వెట్’ అనే రెండు మాటల్ని (vet, wet), పెదవి పంటికి తాకేదాన్ని, పెదవులు గుండ్రంగా చుట్టేదాన్ని ఎలా వింటారన్నది మీ విషయమైనా, ఎంచుకునే దారి ఇదే.

చెవి సంగతి

తేడా చెవికి అందుతోందా అన్నదే ప్రశ్న అయితే ఒక లాప్‌టాప్, ఒక మంచి హెడ్‌ఫోన్ చాలు. ఎంచుకోవాల్సింది గుర్తింపు పద్ధతికీ భేదం పట్టే పద్ధతికీ మధ్య.

గుర్తింపు పద్ధతిలో ఒక మాట వినిపించి “ఇది ల నా, ళ నా?” అని అడుగుతాం. చూడ్డానికి చాలా సులువు. చిక్కల్లా మీటల మీద ఏం రాయాలన్న దగ్గర వస్తుంది. తెలుగు ధారాళంగా మాట్లాడే హిందీవాళ్లలో తెలుగు లిపి రానివాళ్లు చాలామంది. వాళ్లకు ల, ళ అక్షరాలు చూపిస్తే మీరు కొలిచేది చదువును, చెవిని కాదు. దేవనాగరిలో ళకు అక్షరం ఉంది కానీ అది మరాఠీ చదివేవాళ్లకు అలవాటు, హిందీ చదివేవాళ్లకు కాదు. కాబట్టి బొమ్మలు వాడాలి. మన అదృష్టం కొద్దీ తెలుగులో బొమ్మ గీయగలిగే జతలు ఉన్నాయి: కల్లు–కళ్లు, ఇల్లు–ఇళ్లు, ముల్లు–ముళ్లు. ఒక ఇంటి బొమ్మ, పక్కన నాలుగిళ్ల బొమ్మ. వినగానే ఒకదాని మీద నొక్కాలి.

ఇక్కడే రెండు గోతులున్నాయి. ‘కళ్లు’ రోజూ వినే మాట, ‘కల్లు’ కాదు. చెవికి ఏమీ తేలనప్పుడు మనిషి ఎక్కువ అలవాటైన మాట వైపే మొగ్గుతాడు. దాన్ని మీరు “ళ బాగా వినబడుతోంది” అని రాసేస్తారు. ఇక ‘ఇళ్లు’ను వాక్యంలో పెడితే క్రియే బహువచనం సంగతి చెప్పేస్తుంది, చెవికి పనే ఉండదు. మాటను విడిగా వినిపించండి, లేదా “ఇప్పుడు ఫలానా చూడండి” లాంటి ఏ ఆచూకీ ఇవ్వని వాక్యంలో పెట్టండి.

నన్నడిగితే చెవి ప్రశ్నకు భేదం పట్టే పద్ధతే మేలు. మూడు శబ్దాలు వరసగా వినిపిస్తాం: ‘అల’, ‘అళ’, మళ్లీ ‘అళ’. మూడోది మొదటిదానిలా ఉందా, రెండోదానిలా ఉందా అన్నదే ప్రశ్న. అక్షరాలు అక్కర్లేదు, బొమ్మలు అక్కర్లేదు, అర్థంతో పని లేదు. అయితే మూడు శబ్దాలూ ఒకే గొంతువి కాకూడదు. ఒకే గొంతు, పైగా శబ్దానికీ శబ్దానికీ మధ్య పావు సెకను వ్యవధి ఉంటే చెవిలో ఇంకా మోగుతున్న ధ్వనితోనే పోల్చేస్తారు. భాష తెలియనివాళ్లు కూడా అలా పట్టగలరు. మూడు వేర్వేరు గొంతులు పెట్టి వ్యవధిని సెకనుకు పైగా పెంచితే, ఆ శబ్దాన్ని మనసులో ఏదో ఒక వర్ణంగా మలుచుకుని దాచుకోక తప్పదు. వ్యవధి ప్రభావం ఎంతో జానెట్ వెర్కర్, జాన్ లోగన్ అనే పరిశోధకులు 1985లో 250, 500, 1500 మిల్లీసెకన్ల వ్యవధులు పెట్టి చూపించారు. వాళ్లు వాడినవి మన పక్కింటి శబ్దాలే, హిందీలోని ‘త’, ‘ట’ లాంటి దంత్య, మూర్ధన్య ధ్వనులు.

లెక్క కట్టేటప్పుడు ఉత్త శాతాలతో సరిపెట్టకండి. కొందరు అనుమానం వచ్చిన ప్రతిసారీ ఒకే మీట నొక్కుతారు. ఆ మొగ్గును విడదీసి అసలు సున్నితత్వాన్ని చూపే డీ ప్రైమ్ అనే కొలత ఉంది, ఎక్సెల్‌లో కూడా వేసుకోవచ్చు.

ఒక్క మాట. నోటితో తప్పు పలికేవాళ్లకు చెవి కూడా పనిచేయదని ముందే తీర్మానించుకోకండి, నోటితో సరిగ్గా పలికేవాళ్లకు చెవి బాగుందనీ అనుకోకండి. జపనీయులు ఇంగ్లీషు ర, ల శబ్దాల్ని ఎలా వింటారో 1971లో గోతో పరిశీలించినప్పుడు, రెంటినీ చక్కగా పలకగలిగినవాళ్లు కూడా వినడంలో తడబడ్డారు.

మాట తట్టే క్షణం

రెండో ప్రశ్న లోతైనది, నాకు బాగా ఇష్టమైనది కూడా. మనసులో దాచుకున్న మాటల్లో ల, ళ వేర్వేరుగా ఉన్నాయా అన్నది. దీనికి రెండు దారులు పోల్చదగ్గవి.

ఒకటి, మాటా కాదా అని తేల్చే పద్ధతి. ఒక ధ్వని వినిపించి “ఇది తెలుగు మాటేనా?” అని అడుగుతాం. ‘నీల్లు’, ‘పెల్లి’ లాంటి ఉత్తుత్తి మాటలు కొన్ని, తిరగేసి ‘పిళ్లి’, ‘తళ్లి’ లాంటివి కొన్ని కలుపుతాం. మధ్యలో అసలు మాటలూ, ఈ గొడవతో సంబంధం లేని మాటలూ బోలెడు ఉండాలి, లేకపోతే మీరు దేనికోసం చూస్తున్నారో పదో మాటకే పసిగడతారు. ‘నీల్లు’ను మాటే అని ఒప్పుకుని ‘పిళ్లి’ని కాదంటే ఒక అర్థం, రెంటినీ ఒప్పుకుంటే ఇంకో అర్థం. ఆ ఎగుడుదిగుడే మీకు కావాల్సింది.

అయితే జాగ్రత్త. హిందీవాళ్లు తోటి హిందీవాళ్ల నోట ‘పెల్లి’ రోజూ వింటున్నారు. నగరాల్లో పెరిగిన తెలుగు పిల్లల్లో కూడా కొందరి నోట అదే వినబడుతుంది. ‘పెల్లి’ని ఒప్పుకున్నది చెవికి తేడా తెలియకనా, అలా అనేవాళ్లున్నారని తెలిసా? అందుకే తెలుగు మాతృభాషగా ఉన్న బృందానికి కూడా ఇదే ప్రయోగం పెట్టాలి. వాళ్లకు నూటికి నూరు వస్తుందని ఊరికే అనుకోకూడదు.

రెండోది కంటి చూపుని వెంటాడే పద్ధతి. తెర మీద నాలుగు బొమ్మలు, చెవిలో ఒక మాట. మాట పూర్తికాకముందే కన్ను ఏ బొమ్మ మీదికి పోతోందో కెమెరా పట్టుకుంటుంది. వెబర్, కట్లర్ 2004లో డచ్ శ్రోతలకు ఇంగ్లీషు మాటలు వినిపించారు. ‘పాండా’ అని వినబడుతుంటే వాళ్ల కళ్లు ‘పెన్సిల్’ బొమ్మ మీదికి కూడా పోయాయి, ఎందుకంటే ఆ రెండు మొదటి అచ్చుల తేడా డచ్‌లో లేదు. కానీ ‘పెన్సిల్’ అన్నప్పుడు ‘పాండా’ వైపు అలా పోలేదు. అంటే చెవికి రెండూ ఒకటిగా వినబడినా మనసులో మాత్రం ఎక్కడో విడివిడిగా ఉన్నాయన్నమాట. రెండేళ్ల తర్వాత జపనీయులతో ‘రాకెట్’, ‘లాకర్’ మాటలు పెట్టి చూసినప్పుడూ ఇలాంటి ఎగుడుదిగుడే కనిపించింది.

ఈ ప్రయోగం తెలుగులో ఎలా ఉంటుందో చూడండి. తెర మీద తాళం కప్ప, మూకుడులో చిటపటలాడే తాలింపు, సంబంధం లేని ఇంకో రెండు బొమ్మలు. ఇంకో తెర మీద పళ్లెం, పల్లకి. “తాళం” అనే మాట మొదలైంది. ‘తా’ దగ్గర కళ్లు రెంటి మీదా తచ్చాడతాయి. తెలుగువాళ్ల చూపు ‘ళ’ తగలగానే తాళం మీద నిలబడాలి. హిందీవాళ్ల చూపు ఇంకాసేపు తాలింపు మీద ఉంటే, ఆ ‘ఇంకాసేపు’ ఎంతో మిల్లీసెకన్లలో తెలుస్తుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. తప్పు చెప్పామేమోనన్న టెన్షన్ వాళ్లకు ఉండదు.

కాకపోతే సమయం లెక్క ఒళ్లు దగ్గర పెట్టుకుని వేయాలి. చెవిన పడ్డ దానికి కన్ను కదలాలంటే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా ళ అన్నది ళ దగ్గరే మొదలుకాదు. నాలుక వెనక్కి మడవడం ముందు అచ్చులోనే మొదలవుతుంది. ప్రాట్‌లో (ధ్వనిని బొమ్మగా చూపే ప్రోగ్రామ్) ఫైలు తెరిచి చూడండి, ‘తాళం’లోని ‘తా’ చివర మూడో ఫార్మంట్, అంటే నోటి ఆకారాన్ని బట్టి ధ్వనిలో బలంగా కనిపించే పట్టీల్లో మూడోది, కిందికి దిగుతూ కనిపిస్తుంది. ‘తాలింపు’లో అలా దిగదు. అంటే ఆచూకీ అచ్చు చివరి భాగంలోనే ఉంది. లెక్కింపు మొదలుపెట్టే గీత అక్కడ గీయాలి, హల్లు దగ్గర కాదు.

కాటుక, మస్కారా పెట్టుకున్నవాళ్ల కంటిపాపను కెమెరా సరిగా పట్టుకోదు, మందపాటి కళ్లద్దాలతోనూ ఇబ్బందే. ఈ మాట ముందురోజే మర్యాదగా చెప్పి పెట్టండి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? ఎం.ఏ. డిసర్టేషన్‌కు నాలుగు నెలలే ఉంటే మాటా కాదా పద్ధతి. తేడా ‘ఉందా లేదా’ కాదు, ‘ఎప్పుడు తేలుతోంది’ అన్నదే ప్రశ్న అయితే, మీ విభాగంలో ఐ ట్రాకర్ అందుబాటులో ఉంటే కంటి చూపు పద్ధతి. కెమెరా లేదని వెబ్‌క్యామ్‌తో నడిచే వెబ్‌గేజర్ లాంటి వాటిమీద మిల్లీసెకన్ల వాదన నిలబెట్టకండి. అది తెర ఏ మూల చూస్తున్నారో చెప్పగలదు. కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడా చెప్పడం దాని పని కాదు.

ఈఈజీ ఎవరికి

తలకు ఎలక్ట్రోడ్లు తగిలించి మెదడు అలల్ని నమోదు చేసే పద్ధతి ఇది. ఒక్క సందర్భంలో దీనికి సాటి లేదు: మనిషి ఏ పనీ చేయకుండా, ఏ మీటా నొక్కకుండా ఉన్నప్పుడు మెదడు తేడా పసిగడుతోందా అని తెలుసుకోవాలంటే. వరసగా ‘అల అల అల’ మధ్య ఎప్పుడో ఒక ‘అళ’ వస్తుంది. మూగ సినిమా చూస్తూ కూర్చున్న మనిషి పట్టించుకోకపోయినా మెదడు పట్టించుకుంటుంది. 1997లో నాటానెన్ బృందం ఫిన్నిష్, ఎస్టోనియన్ అచ్చులతో చేసిన ప్రయోగం దీనికి పేరుపొందిన ఉదాహరణ: ఎస్టోనియన్‌లో ఉండి ఫిన్నిష్‌లో లేని అచ్చుకు ఎస్టోనియన్ల మెదడు ఎక్కువగా స్పందించింది.

మిగతా ప్రశ్నలకు దీన్ని మొదటి ప్రయోగంగా ఎంచుకోవద్దనే చెబుతాను. మనిషికి రెండు మూడు గంటలు పడుతుంది. తలకు నూనె ఉంటే జెల్ పట్టదు. మనవాళ్లలో రోజూ కొబ్బరినూనె రాసుకునేవాళ్లు, నడుము దాకా జడ ఉన్నవాళ్లు ఎంతమంది! తలస్నానం చేసి, నూనె లేకుండా రమ్మని చెప్పాలి. అయ్యాక జెల్ కడుక్కోవడానికి షాంపూ, తువ్వాలు, వేడినీళ్లు ఉండాలి. ఇవి ఏర్పాటు చేయలేని చోట మనుషుల్ని పిలవడం వాళ్లను కష్టపెట్టడమే.

తెలుగువాళ్లే వినేవాళ్లైతే

ప్రశ్న తిరగబడొచ్చు. హిందీ యాస ఉన్న తెలుగును తెలుగువాళ్లు ఎలా వింటున్నారన్నది కూడా ఇదే రంగం. ఇక్కడ పోలిక వేరు: మార్కులు వేయించడమా, విన్నది రాయించడమా?

మన్రో, డెర్వింగ్ 1995లో మూడు సంగతుల్ని విడదీశారు. యాస ఎంత ఉంది, వినడానికి ఎంత కష్టమైంది, అసలు ఎంత అర్థమైంది. మొదటి రెంటికి మార్కులు వేయించారు, మూడోదానికి విన్నది రాయించారు. యాస గట్టిగా ఉందని మార్కులు పడ్డ వాక్యాల్లో చాలావాటిని శ్రోతలు పొల్లుపోకుండా రాయగలిగారు. కాబట్టి “హిందీవాళ్ల తెలుగు అర్థం కావడం లేదు” అని నిరూపించాలంటే యాసకు మార్కులు వేయించి లాభం లేదు, రాయించాలి. తెలుగులో రాయించడానికి ఇంకో తిప్పలు, ఫోన్‌లో తెలుగు టైపింగ్ అందరికీ చేతకాదు. కాగితం ఇవ్వండి, లేదా విన్నది తిరిగి చెప్పించి రికార్డు చేయండి.

ఇక్కడ కూడా ఈఈజీ ఒక అపురూపమైన సంగతి చూపించింది. 2012లో హనులికోవా బృందం డచ్ శ్రోతలకు వ్యాకరణలింగం తప్పిన వాక్యాలు వినిపించింది. స్థానికుడు ఆ తప్పు చేస్తే పీ600 అనే స్పందన (వాక్యంలో తప్పు తగిలినప్పుడు సుమారు 600 మిల్లీసెకన్లకు మెదడు అలల్లో కనిపించేది) వచ్చింది, టర్కిష్ యాస ఉన్న వ్యక్తి అదే తప్పు చేస్తే రాలేదు. యాస విని మెదడు ముందే సర్దుకున్నట్టుంది. “ఆయన వచ్చింది” అనే హిందీవాళ్ల తెలుగు వాక్యానికి మనమూ అలాగే సర్దుకుంటామా అన్నది ఎవరైనా చేయదగ్గ మంచి ప్రయోగం.

ఈ రకం ప్రయోగాల్లో మాట్లాడినవాళ్ల పేరుగానీ ఫొటోగానీ చూపించకండి. 1992లో డొనాల్డ్ రూబిన్ అమెరికా విద్యార్థులకు స్థానికురాలి గొంతుతో రికార్డు చేసిన ఒకే ఉపన్యాసాన్ని వినిపించి, కొందరికి తెల్లజాతి స్త్రీ ఫొటో, కొందరికి ఆసియా స్త్రీ ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవాళ్లకు తక్కువ అర్థమైంది. అక్కడి యూనివర్సిటీల్లో టీచింగ్ అసిస్టెంట్లుగా క్లాసు చెప్పే మన తెలుగు పిల్లలకు ఈ ఫలితం ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు.

రికార్డింగు, మనుషులు

పద్ధతి ఏదైనా, ప్రయోగాలు ఎక్కువగా చెడేది రికార్డింగు దగ్గరే. నేను చేసిన మొదటి రికార్డింగులో ‘ళ’ మాటలన్నీ ఉదయం, ‘ల’ మాటలన్నీ మధ్యాహ్నం తీశాం. మధ్యాహ్నానికి ఎండకు తాళలేక సీలింగ్ ఫ్యాన్ వేశారు. ల మాటలన్నిటి వెనకా ఆ సన్నటి హోరు. హోరు విన్నవాళ్లు ల–ళ తేడా తెలియకుండానే మాటల్ని విడదీయగలరు. అంతా పారేసి మళ్లీ తీశాం. మాటల్ని కలగలిపి చదివించండి, ఫ్యాన్, ఏసీ ఆపించండి, కనీసం నలుగురి గొంతులు తీసుకోండి. ఫైళ్లను వాట్సాప్‌లో పంపించుకోకండి, అది శబ్దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. వావ్ ఫైళ్లుగానే దాచండి.

లాబా, ఇంటర్నెట్టా అని అడిగేవాళ్లకు: తప్పొప్పులు లెక్కించే ప్రయోగమైతే ఇంటర్నెట్ చక్కగా సరిపోతుంది. నెట్లో ప్రయోగం నడిపే ప్రోగ్రాముల్లో జేఎస్‌సైక్, పీసీఐబెక్స్ ఉచితం, గొరిల్లాకు మనిషికింత అని చెల్లించాలి. సమయం కొలవాలంటే లాబ్, అందులో సైకోపై అనే ప్రోగ్రామ్. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యం ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి వైరున్నవే పెట్టుకోమనండి. నిజంగా హెడ్‌ఫోన్ పెట్టుకున్నారో లేదో తేల్చే చిన్న పరీక్ష కూడా ఉంది. మూడు స్వరాలు వినిపించి ఏది మెల్లగా, అంటే తక్కువ శబ్దంతో, ఉందని అడుగుతారు. ఒక స్వరంలో కుడి ఎడమ అలలు ఎదురుబొదురుగా ఉంటాయి, స్పీకర్లో అవి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. కాబట్టి స్పీకర్లో వినేవాళ్లు అదే మెల్లనిదని చెప్పి దొరికిపోతారు. తెలుగు ఒత్తులు కొన్ని ప్రోగ్రాముల్లో విడిపోయి కనబడతాయి, అందుకే తెర మీది మాటల్ని బొమ్మ ఫైళ్లుగా పెట్టడం క్షేమం.

ఎంతమంది కావాలంటే, స్పందన సమయం కొలిచే ప్రయోగాలకు బ్రిస్‌బర్ట్, స్టీవెన్స్ 2018లో ఒక్కో షరతుకు (పోల్చే ఒక్కో రకానికి) కనీసం 1600 కొలతలు ఉండాలని లెక్కగట్టారు, అంటే 40 మంది, తలా 40 మాటలు. అన్ని మాటలు దొరక్కపోతే మనుషుల్ని పెంచండి.

ఆ మనుషుల్ని ‘హిందీవాళ్లు’ అని ఒక్క ముద్ద చేయకండి. బేగంబజార్ వ్యాపార కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మార్వాడీ, అందులో ళ ఉంది. మరాఠీలో ఉంది, హర్యాణ్వీలో ఉంది, ఒడియాలో ఉంది. ఫారంలో “మాతృభాష: హిందీ” అని రాసే మనిషి చిన్నప్పుడు అమ్మమ్మతో ఏం మాట్లాడేవాడో అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే “కొందరు హిందీవాళ్లు ళ సులువుగా నేర్చుకున్నారు” అనే తప్పుడు ఫలితం అచ్చవుతుంది.

వచ్చినవాళ్లతో ‘పరీక్ష’ అనే మాట వాడకండి. రెండో భాష మాట్లాడేవాళ్లకు తమ ఉచ్చారణ మీద ఎవరో నవ్విన జ్ఞాపకం ఒకటైనా ఉంటుంది. “మీ తెలుగు ఎలా ఉందో చూడటం లేదు, చెవి ఎలా పనిచేస్తుందో చూస్తున్నాం” అని చెప్పండి, అది నిజం కూడా. వినే పనులన్నీ ముందు పెట్టి, మాట్లాడించి రికార్డు చేసే పని చివర పెట్టండి. ముందే ‘కళ్లు’, ‘ఇళ్లు’ చదివిస్తే మీరు ళ కోసం చూస్తున్నారని వాళ్లకు తెలిసిపోతుంది, ఇక ఆ తర్వాత వినే ప్రతి మాటలోనూ దాన్నే వెతుకుతారు.